పాకలో కూర్చుంటారు, కొట్టులో నిలబడతారు

మా మేనకోడలికి ఎక్సైజులో సబ్‌ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. కాళ్ళకు దండం పెట్టడానికి వచ్చి, ఈ ఉద్యోగంలో ముందుగా ఏది నేర్చుకోవాలి మావయ్యా అని అడిగింది. చట్టం పుస్తకం పేరు చెబుతాననుకుని పెన్ను కూడా తీసింది. పెన్ను లోపల పెట్టమన్నాను. తాగేచోటికి జనం ఏ పేరు పెట్టారో, ఎందుకు పెట్టారో ముందు నేర్చుకో, చట్టం ఎక్కడికీ పారిపోదు అన్నాను. ముసలాయనకి చాదస్తం పట్టిందనుకుని నవ్వింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

ప్రమోషన్లు, బదిలీలు, ఎవరు ఎవరి మీద పిటిషన్ పెట్టారు, ఇవేవీ ఇందులో ఉండవు. అరవైల ఆఖరు నుంచి డెబ్బైల దాకా చోడవరం చుట్టుపక్కల నేను చూసినవి, అందులో నాకు గర్వంగా అనిపించినవి రాస్తాను. గర్వం అన్న మాట చూసి మూతి విరవకండి. మా శాఖలో పనిచేసినవాడు ఆ మాట అనడమే అరుదు.

మాటలు ముందు, చట్టం తర్వాత

నేను చేరేసరికి మద్యనిషేధం ఇంకా ఉంది. మా కాగితాల ప్రకారం చోడవరంలో గానీ, బుచ్చయ్యపేట, రావికమతం వైపు గానీ తాగేచోటు అన్నది ఒక్కటీ లేదు. జనం నోళ్ళలో మాత్రం బోలెడు ఉన్నాయి. అందులో మొదటిది చాటు. ఫలానా మనిషి ఏడీ అంటే "సాటుకెల్లేడు" అనేవారు. ఎదిగిన చెరుకుతోట మధ్యలో నాలుగు గడలు పడగొట్టి చేసిన జాగా అది. అక్కడ కుర్చీ ఉండదు, దీపం ఉండదు, ఎవడూ గట్టిగా దగ్గడు.

రెండోది బట్టీ. బెల్లం ఊరబెట్టి, ఆ ఊటను కాచి సారా తీసేచోటు. బెల్లం పండే దేశంలో దానికి కరువేముంది? బట్టీకి వెళ్ళి తాగేవాడు వేరు, చాటుకి వెళ్ళి తాగేవాడు వేరు. బట్టీ దగ్గరికి నమ్మకస్తుల్నే రానిస్తారు. కాబట్టి ఎవడైనా పదిమందిలో "నాను బట్టీకాడే తాగుతాను" అన్నాడంటే అది గొప్ప చెప్పుకోవడం. పదిమందిలో గొప్ప చెప్పుకునేవాడు ఉన్నంతకాలం మాకు ఇన్ఫార్మర్లతో పని పడలేదు.

మూడోది మిలట్రీ వారిల్లు. పట్టాళంలో చేసి వచ్చినాయన ఇంట్లో రమ్ము కోటా ఉంటుందని ఊరందరికీ తెలుసు. సాయంత్రం అయ్యేసరికి ఊళ్ళో పెద్దమనుషులందరికీ దేశభక్తి పుట్టి, యుద్ధం కబుర్లు వినడానికి ఆ ఇంటికి వెళ్ళేవారు. తిరిగి వచ్చేటప్పుడు జామాకు నములుతూ వచ్చేవారు. మా హైస్కూలు తెలుగు మాస్టారి పెరట్లో జామచెట్టుకి ఒక్క ఆకు మిగిలేది కాదు.

నిషేధం ఎత్తేశాక పాటలు వచ్చాయి. సారా అమ్మే హక్కుకి వేలంపాట, పాడుకున్నవాడు పాటదారు. అప్పుడు కొత్త చోట్లు, కొత్త పేర్లు పుట్టుకొచ్చాయి. సారా అమ్మేది కొట్టు. కల్లు పోసేది పాక. సీసా అమ్మేది షాపు. ప్రభుత్వం వారికి మూడూ దుకాణాలే. జనానికి మూడూ వేరు, ఆ తేడా తెలియనివాడు మా ఉద్యోగానికి పనికిరాడు.

కొట్టులో నిలబడి తాగుతారు. గ్లాసు అందుకుని, కళ్ళు మూసుకుని గొంతులో పోసుకుని, ఉప్పుగల్లు నాలిక మీద వేసుకుని బయటపడతారు. కొట్టులో కూర్చున్నవాడు కనిపించాడంటే వాడు పడిపోయినవాడన్నమాట. పాకలో అలా కాదు. అక్కడ నిలబడితే తప్పు. తాటాకు కప్పు కింద గొంతుక్కూర్చుని, ఉడకబెట్టిన సెనగలు నంజుకుంటూ, పొలం సంగతి, పెళ్ళి సంగతి మాట్లాడుకుంటూ మెల్లగా తాగుతారు. ఆడవాళ్ళు కూడా వస్తారు. వరినాట్లు వేసి నడుము పడిపోయిన ముసలమ్మ ఒక ముంత పోయించుకుని ఓ పక్కన కూర్చుంటే ఎవరూ చిత్రంగా చూడరు.

ఇక షాపు. చోడవరంలో బ్రాందీ షాపు తెరిచిన కొత్తలో నేను గమనించింది ఒకటుంది. అక్కడికి వచ్చేవాడు ఎప్పుడూ ఇంకొకరి కోసమే కొంటాడు. బావమరిది వచ్చాడనీ, చలికి తాతకు మందులో కలపాలనీ చెప్పి, పేపర్లో చుట్టించుకుని పోతాడు. తనకోసం కొన్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

విశాఖపట్నం ఫ్యాక్టరీల్లో చేరిన కుర్రకారు సెలవులకి వచ్చి బారు కబుర్లు చెప్పేవారు. చల్లటి గదిట, చిమ్మచీకటిట, పక్క కుర్చీలో ఎవరున్నారో తెలియదట. రావికమతం రైతు ఒకాయన అదంతా ఓపిగ్గా విని, "మొకం కనబడకుండా తాగడానికి మన సెరుకుతోట సాలదేటి బాబూ, అంత డబ్బెందుకు?" అన్నాడు. బారు గురించి అంతకంటే మంచి మాట నేను ఇప్పటికీ వినలేదు.

మడ్డికుండల మీద దాడి

మాట తెలియకపోతే ఏమవుతుందో నిషేధం రోజుల్లోనే చూశాను. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు బుచ్చయ్యపేట దారిలో ఒక బెల్లం గానుగ దగ్గర జీపు ఆపించారు. అక్కడ పులిసిన వాసన వేస్తూ నాలుగు పెద్ద కుండలున్నాయి. ఊట దొరికిందని ఆయన ముఖం వెలిగిపోయింది. నిజానికి అది మడ్డి. చెరుకురసం కాగేటప్పుడు పైకి తేలిన మురికిని తీసి, కుండల్లో పోసి, పశువుల కుడితిలో కలుపుతారు. రెండు రోజులుంటే అదీ పులుస్తుంది. రైతు చెబుతూనే ఉన్నాడు. నేనూ చెప్పాను. ఆయన వినకుండా కుండలు బద్దలు కొట్టించారు.

రైతు తిట్టలేదు, ఏడవలేదు. ఒక పెంకు తీసి అందులో మిగిలిన మడ్డి తన ఎద్దు నోటి దగ్గర పెట్టాడు. అది నాకేసింది. "ఇది కూడా ముద్దాయేనేటి బాబూ?" అని అడిగాడు. గానుగ దగ్గరున్నవాళ్ళంతా ఎటో చూస్తూ నవ్వు ఆపుకున్నారు. ఆ రోజు తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ మాకు ఒక్క కబురు కూడా చెప్పలేదు, దాహం వేసి అడిగితే మంచినీళ్ళు మాత్రం ఇచ్చేవారు. ఆయన చెడ్డవాడు కాదు, లంచగొండి అసలే కాదు. కానీ తెలియనిచోట తొందరపడ్డ నిజాయితీపరుడు దొంగకంటే ఎక్కువ నష్టం చేస్తాడని నా అభిప్రాయం.

సన్నేసమ్మ పాక

ఇప్పుడు అసలు సంగతి. డెబ్బైల మధ్యలో చోడవరం నుంచి మాడుగుల వెళ్ళే బస్సుదారికి కాస్త లోపలగా సన్నేసమ్మ పాక ఉండేది. పేరు సన్యాసమ్మే గానీ అలా పిలిచినవాళ్ళు లేరు. ఆవిడ భర్త తాటిచెట్లెక్కి కల్లు దించేవాడు, ఆవిడ పోసేది. చెట్లకు పన్ను కట్టి లైసెన్సు తీసుకున్న పాక. ఆ చెట్లూ ఆ పాకా తప్ప వాళ్ళకి సెంటు భూమి లేదు. ఉన్న ఇద్దరు ఆడపిల్లలూ, మూలనున్న అత్తగారూ ఆ ముంత మీదే బతకాలి.

పాక మాత్రం ఆవిడ రాజ్యం. సారా తాగి వచ్చినవాణ్ణి గుమ్మం దాటనిచ్చేది కాదు. బూతు మాట వస్తే ముంత లాగేసుకునేది. ఎవరికి ఎంత పోస్తే ఇల్లు చేరతాడో ఆవిడకి తెలుసు, అంతకంటే చుక్క పోయదు. చెప్పులు బయట విప్పి రావాలి. ఇంకొక ఆచారం ఉంది. పొద్దున చెట్టు దిగిన కల్లులో మొదటి ముంత పాక ఈశాన్యం మూల నేల మీద అమ్మోరికని పోస్తారు. అక్కడ రాయి లేదు, పసుపూ కుంకుమా లేవు. ఉత్త నేల. రోజూ తడిసి తడిసి మెత్తగా, నల్లగా ఉంటుంది. ఆ మూల ఎవరూ కాలు పెట్టరు, చీపురు కూడా వేయరు.

తనిఖీకి వెళ్ళినప్పుడల్లా నేను బూట్లు బయట విప్పి, లోపల నిలబడి పని చూసుకుని వచ్చేసేవాణ్ణి. నా సర్కిల్లో ఏ చుక్కా ముట్టకూడదని, ఏ తాగేచోటా కూర్చోకూడదని నాకొక పట్టు ఉండేది. బూట్లు విప్పే సబ్‌ఇన్‌స్పెక్టరని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. చేసుకోనిచ్చాను.

ఆ చుట్టుపక్కల సారా పాట పాడుకున్నాయన పై జిల్లావాడు. పాక ఉన్నన్నాళ్ళూ ఆ దారిలో ఆయన కొట్టుకి గిరాకీ లేదు. చెట్టు దించిన కల్లు దొరుకుతుంటే గొంతు మండే సారా ఎవడిక్కావాలి? ముందు పాకను అమ్మేయమని సన్నేసమ్మని అడిగించాడు. అమ్మనంది. తర్వాత ఆవిడ కల్లు చాటున సారా అమ్ముతోందని విశాఖపట్నంలో మా సూపరింటెండెంటు గారికి ఫిర్యాదు పంపాడు. సారా దొరికితే లైసెన్సు పోతుంది, చెట్లు పోతాయి, ఆవిడకి జైలు.

ఆ మూల

సూపరింటెండెంటు గారు స్వయంగా జీపులో వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. గుంటూరు వైపు మనిషి, తెల్లటి బట్టలు, తక్కువ మాటలు. ఆయన పైసా ముట్టరని పేరు. కానీ ఈ ప్రాంతానికి కొత్త. నాకు మడ్డికుండలు గుర్తొచ్చాయి. దారిలో చెప్పబోతే, చూశాక మాట్లాడదాం అన్నారు.

మేము వెళ్ళేసరికి పాటదారు గుమాస్తా రోడ్డు మీదే కాచుకుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. పాకలో ఏడెనిమిది మంది రైతులు, కూలీలు ఉన్నారు. కుండలన్నీ చూశాం, వాసన చూశాం, చూరు వెతికాం. కల్లు తప్ప ఏమీ లేదు. అప్పుడు గుమాస్తా నేలలో పాతి ఉంటారని అందుకున్నాడు. సూపరింటెండెంటు గారు కళ్ళతో నేలంతా వెతికి ఈశాన్యం మూల దగ్గర ఆగారు. అక్కడ మట్టి కదిపినట్టుంది. ఎవరైనా వచ్చి తవ్వండి అన్నారు.

ఎవరూ లేవలేదు.

ఆయన ముఖం బిగుసుకుంది. తప్పు ఉంది కాబట్టే లేవడం లేదనుకున్నారని నాకు అర్థమైంది. ఆ మూల సంగతి చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? పాకవాళ్ళని వెనకేసుకొస్తున్న లోకల్ సబ్‌ఇన్‌స్పెక్టరు మాట అవుతుంది. అందుకని ఒకటే మనవి చేశాను. గుంపుని కాకుండా ఒక్కొక్కరినీ విడిగా అడగండి సార్ అన్నాను.

ఆయన అడిగారు. తవ్వకపోతే కేసు పెడతానని కూడా అన్నారు. ఒకడు తల అడ్డంగా ఊపాడు, ఒకడు రెండు చేతులూ జోడించాడు. అందరిలోకీ పెద్దవాడు, బారు గురించి ఆ మాటన్న రావికమతం రైతే, లేచి నిలబడి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "జైలుకైతే ఇప్పుడే వత్తాను బాబూ, జీపెక్కించండి. ఆ మూలకి మాత్రం నానెల్లను" అన్నాడు.

చివరికి సన్నేసమ్మని అడిగారు. ఆవిడ తల దించలేదు. "తవ్వించుకోండి బాబూ, గవుర్మెంటోరికి నానడ్డం సెప్పను. మావోలెవులూ అక్కడ కాలెట్టరు. నాను సచ్చినా ఎట్టను" అంది. మూలలో ఏముందో ఆవిడకీ తెలియదని ఆ కళ్ళే చెప్పాయి.

గుమాస్తాకి ఓపిక అయిపోయింది. వీళ్ళతో మాటలేంటని మా గార్డు చేతిలోని గునపం లాక్కుని, చెప్పులతోనే తిన్నగా ఆ మూలకి నడిచాడు. ఎవరో ఆడమనిషి "అమ్మా, తల్లీ" అని చెంపలు వేసుకుంది. అతను గునపంతో పైమట్టి రెండు పోట్లు పొడిచి, గునపం పక్కన పడేసి, వంగి చేతులతో మట్టి తోడాడు. జానెడు లోతులో లారీ టైరు ట్యూబు బయటపడింది. మూతి కట్టి, నిండా సారాతో ఉంది. సన్నేసమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది.

గుమాస్తా విజయగర్వంతో నిలబడ్డాడు. సూపరింటెండెంటు గారు ట్యూబు వైపు చూడనే లేదు. నేల మీద పడి ఉన్న గునపం వైపు చూశారు.

"గునపం ఎందుకు వదిలేశావు?" అని అడిగారు.

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగారు. లోపల కుండ ఉందో, డబ్బా ఉందో, అసలు ఏమైనా ఉందో లేదో తెలియనివాడు గునపంతోనే తవ్వుతాడు కదా, చిరిగిపోయేది ఉందని నీకెలా తెలిసింది అన్నారు. గుమాస్తా గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో మా గార్డు నిలబడి ఉన్నాడు.

అప్పుడు చెప్పాను, మొదటి ముంత సంగతి, ఆ మూల సంగతి. ఈ పాకలో మసిలేవాడెవడూ అక్కడ ఏదీ పాతడు సార్, ఎవడో బయటివాడు పాతాడు, మట్టి మెత్తగా ఉంది కాబట్టి సులువని ఆ మూల ఎంచుకున్నాడు అన్నాను. మొన్న చోడవరం సంతరోజు పాకలో ఎవరూ లేరని సన్నేసమ్మ భర్త చెప్పాడు. గుమాస్తా కాసేపు బుకాయించి, తర్వాత ఒప్పుకున్నాడు. యజమాని చెప్తే చేశానన్నాడు.

చూస్తే మీ మాట

సూపరింటెండెంటు గారు బయటికి వెళ్ళి జీపు దగ్గర నిలబడ్డారు. వెళ్ళిపోతారనుకున్నాను. బూట్లు విప్పి మళ్ళీ లోపలికి వచ్చారు. పంచనామా అంతా వట్టికాళ్ళతోనే రాయించారు. తెలియక తొక్కాం, ఏమైనా చెయ్యాలా అని సన్నేసమ్మని అడిగారు. ఆవిడ అప్పుడు ఏడ్చింది. అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు గట్టిగా ఏడ్చింది. పసుపునీళ్ళు జల్లుకుంటాం బాబూ, అమ్మోరు ఏటీ అనుకోదులే అంది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన నన్ను ఒకటే అడిగారు.

"నీకు మొదటే తెలుసు కదా. అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే నా మాట సార్. మీరు చూస్తే మీ మాట."

ఆయన నా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి తీసేశారు. నాకు వచ్చిన మెడల్ అదే. ఇత్తడివి రాలేదు, రానక్కర్లేదు.

అంతా న్యాయంగా ముగిసిందని కొత్తవాళ్ళు అనుకోకండి. గుమాస్తా మీద కేసు నడిచింది. పాటదారు మాత్రం గుమాస్తా ఎవరో తనకి తెలియదని చెప్పి, మరుసటి ఏడు ఇంకో ఊళ్ళో ఇంకో పేరుతో పాట పాడుకున్నాడు. పెద్దచేప వల చింపుకునే పోతుంది. అది చూసి నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ పాక నిలబడింది. మన ఉద్యోగంలో ఎంతమందిని పట్టుకున్నావని అడుగుతారు గానీ ఎవరిని నిలబెట్టావని ఎవరూ అడగరు. మీరైనా మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. కల్లు మంచిదా చెడ్డదా అని నన్ను వాదనకి లాగకండి. తాగి ఇల్లు గుల్లచేసినవాళ్ళని నేను చూసినంతగా మీరు చూసి ఉండరు. లోకంలో తాగేచోట్లు ఉన్నంతకాలం, మనిషిని మనిషిలా ఇంటికి పంపే చోటుకీ, పీల్చి పిప్పిచేసి రోడ్డు మీద పారేసే చోటుకీ తేడా తెలిసినవాడు ఒకడైనా యూనిఫారంలో ఉండాలి. చోడవరంలో కొన్నాళ్ళు ఆ ఒకణ్ణి నేను.

కూకో

డెబ్బైలు ముగిసే ముందు నాకు బదిలీ అయింది. పొద్దున్న రిలీవ్ అయ్యాను. సాయంత్రం బస్సుకి టైముంది. పంచె కట్టుకుని సన్నేసమ్మ పాకకి వెళ్ళాను. చెప్పులు బయట విప్పి, అలవాటుగా గుమ్మం లోపల నిలబడి, వెళ్ళొస్తానమ్మా అన్నాను.

రావికమతం రైతు కూడా ఉన్నాడు. సన్నేసమ్మ నన్ను ఎగాదిగా చూసి, యూనిఫారం ఏదని అడిగింది. ఈ పొద్దుతో ఈ సర్కిల్‌కీ నాకూ సంబంధం తెగిపోయిందని చెప్పాను. ఆవిడ ఒక ముంత కడిగి, నిండా పోసి, కాస్త మూలలో అమ్మోరికి ఒలికించింది. మొదటి ముంత పొద్దునే అయిపోయినా నాకోసం మళ్ళీ ఒలికించింది.

"ఇన్నేళ్ళూ మా పాకలో నిలబడ్డోడివి నువ్వొక్కడివే బాబూ. ఇంక కూకో" అంది.

రైతు పక్కకి జరిగి చోటిచ్చాడు. పంచె సర్దుకుని ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, ఎవరో నవ్వారు, నేనూ నవ్వాను. ముంత రెండు చేతులతో అందుకున్నాను. సాయంత్రం కల్లు కదా, బాగా పులిసి ఉంది. అంతా తాగాను. మాడుగుల నుంచి వచ్చిన బస్సు హారన్ కొట్టుకుంటూ రోడ్డు మీద వెళ్ళిపోయింది. తర్వాతి బస్సుకి వెళ్దువులే అని రైతు సెనగల ఆకు నా వైపు జరిపాడు.